పోర్చుగల్ వైన్ టూరు: పది రోజుల్లో దేశమంతా చూడాలా, డౌరో లోయలోనే ఉండిపోవాలా?

ముక్తేశ్వరం రేవు

అందరికీ నమస్కారమండి. నేను బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యాను. మావారు కొబ్బరి రైతు, తోటలో కోకో అంతరపంట. వినాయక చవితి వెళ్లాక ఇద్దరం పోర్చుగల్ వెళ్దామనుకుంటున్నాం. పెద్ద బస్సులో నలభై మందితో జెండా వెనక నడిచే ఓపిక మాకు లేదు. అందుకని చిన్న గ్రూపు టూర్లే చూశాం. వడపోయగా రెండు మిగిలాయి. వాటి దగ్గర ఆగిపోయాను.

మొదటిది పది రోజులు, 14 మంది వరకు. లిస్బన్, సింత్రా, ఎవొరా, ఫాతిమా, కొయింబ్రా, డౌరో లోయ, చివర పోర్టో. దారిలో ఏడు వైన్ తోటలు. ద్రాక్ష తోటలకి పేరుపడ్డ డౌరో ఏటి లోయలో మాత్రం ఒక్క రాత్రే. రెండోది ఎనిమిది రోజులు, 8 మందికి మించరట. పోర్టోలో మూడు రాత్రులు, డౌరో లోయలోని పిన్యావ్ ఊరి దగ్గర ఒక తోటలోనే మూడు రాత్రులు, చివర లిస్బన్‌లో ఒక్క రాత్రి. తోటలో ఉన్నప్పుడు కోత నడుస్తూ ఉంటే మనల్నీ చెయ్యి వెయ్యనిస్తారట. ధరలో పెద్ద తేడా లేదు.

మావారు మందు ముట్టరు. మరి వైన్ టూరేమిటని మా ఆడపడుచు కూడా అడిగింది. విషయం ఏమిటంటే, మా కోకో కాయ కోస్తాం, పగలగొడతాం, గింజ పులియబెడతాం, ఎండబెడతాం, కొనేవాళ్లు వస్తే తూకం వేసి ఇచ్చేస్తాం. మా పని అక్కడితో సరి. ఆ తర్వాత అది ఏ చాక్లెట్ అయిందో, ఎవరు తిన్నారో మాకు తెలీదు. కొబ్బరి కూడా అంతే. అంబాజీపేటలో ఆ రోజు ఏ ధర పలికితే ఆ ధరకి ఇవ్వాలి. ద్రాక్ష రైతు తన పంట తనే పులియబెట్టి, సీసాలో పోసి, మీద తన పేరు వేసుకుని అమ్ముకుంటాడని విన్న దగ్గర్నుంచి, ఆ పని ఎలా చేస్తారో దగ్గరగా చూడాలని ఆయనకి గట్టిగా పట్టుకుంది. సీసాలో ఉన్నదాని మీద ఆయనకి ఆశ లేదు, దాని వెనక ఉన్న మనిషితో మాట్లాడాలి.

నా సంగతి వేరు. నాకు ఫాడో పాట వినాలి, గోడల నిండా ఉండే ఆ నీలి టైల్స్ చూడాలి, వాస్కో డ గామా సమాధి చూడాలి. వైన్ కాస్త రుచి చూడ్డానికి నాకు అభ్యంతరం లేదు.

మా అబ్బాయి మొదటిదే తీసుకోమంటున్నాడు. అంత డబ్బు పోసి వెళ్లి లిస్బన్‌లో ఒక్క రాత్రేనా అంటాడు. అదీ నిజమే అనిపిస్తుంది. మేం చేపలు తింటాం, కోడి తింటాం, గొడ్డుమాంసం పందిమాంసం తినం. మావారికి కుడి మోకాలు నొప్పి. ఇవన్నీ చూసి, వెళ్లొచ్చినవాళ్లు ఏది మేలో చెప్పండి. ఏజెన్సీ వాళ్లని ఏం అడగాలో కూడా చెబితే ఇంకా మంచిది.

పాలకొల్లు మాస్టారు

అమ్మా, నా ఓటు మొదటిదానికే. నేను చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, ఆ పక్షపాతం ఉంటుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకశాల పెట్టిన ఊరు మాది. వాళ్లకి ముందు ఈ సముద్రం మీదికి వచ్చినవాళ్లు పోర్చుగీసువాళ్లు. 1498లో గామా కాలికట్‌లో దిగాడు, 1961 దాకా గోవా వాళ్ల చేతిలోనే ఉంది. లిస్బన్‌లో జెరోనిమోస్ మఠం కట్టడానికి ఆఫ్రికా నుంచి, మన తూర్పు వైపు నుంచి వెళ్లిన సరుకుల వర్తకం మీద వేసిన సుంకమే పెట్టుబడి. ఆ రాతి స్తంభాలకి తాళ్లు, తాళ్ల ముడులు, సముద్రపు జీవాలు చెక్కారు. గామా సమాధి అక్కడే. అది హడావిడిగా చూసేది కాదు.

కొయింబ్రా విశ్వవిద్యాలయం 1290 నాటిది. అక్కడి పాత గ్రంథాలయంలో గబ్బిలాలు ఉంటాయి, రాత్రిపూట పుస్తకాలు తినే పురుగుల్ని అవి తింటాయి. వాటి రెట్టలు పడకుండా సాయంత్రం బల్లల మీద తోలు కప్పి వెళ్తారు. ఎవొరాలో రోమన్లు కట్టిన గుడి స్తంభాలు ఊరి నడిమధ్య నిలబడి ఉన్నాయి. గోడల నిండా మనిషి ఎముకలు పొదిగిన ప్రార్థనా మందిరమూ ఆ ఊళ్లోనే. ఇవన్నీ వదిలి ఒక లోయలో కూర్చుంటే, మళ్లీ ఎప్పుడు వెళ్తారు?

కడియం అంటుమొక్క

ముక్తేశ్వరం అమ్మా, మాస్టారూ, ఇద్దరికీ నమస్కారం. మాది కడియం దగ్గర నర్సరీ. నేనూ మా ఆవిడా సెప్టెంబరులోనే పోర్చుగల్ వెళ్లొచ్చాం, డౌరోలో ఒక చిన్న తోటలో ఉన్నాం. మాస్టారు చెప్పినవన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ అమ్మ అడిగింది వేరు. వాళ్లాయన చూడాలనుకుంటున్నది రైతుని. రైతుని చూడాలంటే పొద్దున్నే ఆయన తోటలో ఉండాలి. పదకొండింటికి బస్సు దిగి, నాలుగు గ్లాసులు రుచి చూసి, పన్నెండున్నరకి ఎక్కేస్తే కనిపించేది కౌంటర్లో అమ్మాయి మాత్రమే. పది రోజుల్లో ఏడు తోటలంటే అలాంటి ఏడు కౌంటర్లు. అందుకని నేను రెండోదే తీసుకోమంటాను, గట్టిగా చెబుతున్నాను.

ముందు నేల గురించి చెప్తాను. మన డెల్టాలో మట్టిని గోదారే తెచ్చి పోసింది. డౌరో కొండల మీద మట్టే లేదు. ఉన్నదంతా పలకలు పలకలుగా చీలే రాయి. పలుగులతో, తర్వాతి కాలంలో మందుగుండుతో ఆ రాయిని పగలగొట్టారు. పెద్ద ముక్కలతో సున్నం లేకుండా గోడ పేర్చారు, చిన్న ముక్కలు గోడ వెనక నింపారు, ఆ నింపిన దాంట్లో మొక్క నాటారు. ఏటి ఒడ్డు నుంచి కొండ నెత్తి దాకా అలాగే మెట్లు. చీలికల్లోంచి వేరు మీటర్ల లోతుకి దిగి నీళ్లు వెతుక్కుంటుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇదంతా మనుషులు చేతులతో చేశారని ఆ మెట్ల మీద నిలబడితే తప్ప నమ్మకం కుదరదు. 2001లో యునెస్కో ఆ లోయని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

నేను నర్సరీ మనిషిని కాబట్టి నాకు ఇంకోటి కనబడింది. 1860ల్లో ఫిలోక్సెరా అనే పురుగు అమెరికా నుంచి యూరప్ చేరింది. వేళ్లలో రసం పీల్చి తోటలకు తోటలు చంపేసింది. మందు దొరకలేదు. ఆఖరికి ఆ పురుగుని తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మీద తమ కొమ్మని అంటు కట్టుకుని బతికారు. ఇవాళ మీరు చూసే తోటలు దాదాపు అన్నీ ఆ అంటు మొక్కలే. తోట పెద్దాయన ఒక మొదలు దగ్గర మట్టి తీసి అంటు కట్టిన చోటు చూపించాడు. భాష రాకపోయినా మేమిద్దరం ఒక గంట మాట్లాడుకున్నాం. అప్పుడు వదిలేసిన మెట్లు కొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి, వాటిల్లో తుప్పలు, ఆలివ్ చెట్లు పెరిగాయి. బస్సు కిటికీలోంచి చూస్తే అవి ఖాళీ కొండల్లాగే కనిపిస్తాయి.

ఇప్పుడు పేరు వేసుకోవడం సంగతి. అమ్మా, ఇది మీవారికి తప్పకుండా చెప్పండి. అక్కడ కూడా రైతు పేరు ఊరికే సీసా ఎక్కలేదు. 1756లో పొంబాల్ అనే మంత్రి డౌరోకి హద్దులు గీయించి, ఈ హద్దులో పండిన దానికే పోర్ట్ (అక్కడి తీపి వైన్) అనే పేరు చెల్లుతుందని కట్టడి చేశాడు. పంటకి పేరు వచ్చింది, రైతుకి మాత్రం రాలేదు. కొండల్లో చేసిన వైన్ పీపాల్లోకెక్కి, పడవల మీద పోర్టో ఎదురు ఒడ్డున ఉన్న గాయాకి దిగేది. ఎగుమతి అక్కడి గోదాముల నుంచే చేయాలని రూలు. గోదాములు పెద్ద వ్యాపారులవి, వాళ్లలో ఇంగ్లీషువాళ్లు చాలామంది. 1986లో ఆ రూలు తీసేశాకే చిన్న తోటల వాళ్లు తమ ఊళ్లోనే సీసా నింపి, తమ పేరుతో నేరుగా బయటి దేశాలకి పంపడం మొదలైంది. అంటే మీవారు చూడాలనుకుంటున్నది మన కళ్ల ముందు కాలంలో జరిగింది.

ఇప్పటికీ అందరూ ఆ స్థితిలో లేరు. ఒక్కో తోటకి నేల, ఎత్తు, ఎండ పడే వైపు, మొక్క వయసు చూసి గ్రేడు ఇస్తారు, ఆ గ్రేడుని బట్టి ఆ ఏడు ఎంత పంటతో పోర్ట్ చేసుకోవచ్చో కోటా వస్తుంది. 2023లో లోయ మొత్తానికి 104,000 పీపాలు ఉన్న కోటా 2025కి 75,000కి దిగింది. పీపా అంటే 550 లీటర్లు. కోటా దిగితే, సీసా నింపుకోలేని చిన్న రైతు పంటని ఎవరు కొంటారు? పెద్ద కంపెనీలు కొనుగోలు తగ్గించాయని రైతులు రోడ్డెక్కారు. అంబాజీపేట ధర గురించి బాధపడే మనిషి ఈ మాటలు ఆ రైతు నోటే వింటే మంచిది.

మీవారు తాగరు కాబట్టి బెంగ పెట్టుకోకండి. రుచి చూసేచోట ఉమ్మడానికి పాత్ర పెడతారు, పెద్ద పెద్ద నిపుణులు కూడా ఉమ్మేస్తారు, ఎవరూ తప్పుగా అనుకోరు. వాసన చూసి పక్కన పెట్టేసినా మర్యాదే. చూడాల్సింది తొక్కడం. గ్రానైట్ తొట్టెలో మోకాలు దాకా పండు పోసి, సాయంత్రం భుజాల మీద చేతులు వేసుకుని వరసగా నిలబడి రెండు గంటలు తొక్కుతారు. కాలితో తొక్కితే తొక్క నలుగుతుంది, గింజ నలగదు. గింజ నలిగితే చేదు వస్తుంది. ఆ తర్వాత వరస వదిలేసి పాటలు పెట్టుకుని ఎవరికి వాళ్లు తొక్కుతారు. రెండు మూడు రోజులకి పులియడం సగంలో ఉండగానే ద్రాక్ష సారాయి కలిపి ఆపేస్తారు, పాత లెక్కలో 435 లీటర్ల రసానికి 115 లీటర్లు. తీపి అందుకే మిగులుతుంది. కోకో పులియడం ఏ గంటకి ఆపాలో తెలిసిన మనిషికి ఇక్కడ అడగాల్సినవి చాలా తోస్తాయి.

అడగాల్సిన ప్రశ్నలు అన్నారు కదా. ఆ తోటవాళ్లు సొంత పండుతోనే చేస్తారా, సీసా అక్కడే నింపుతారా, మనతో తోటలో తిరిగేది ఇంటివాళ్లా జీతగాళ్లా, రోజుకి ఎన్ని తోటలు. రోజుకి రెండు దాటితే వద్దు. మూడోచోట ఏం తాగుతున్నామో నాలుకకి తెలీదు, మీవారికేమో ఏం వింటున్నామో తెలీదు. కోత తేదీ వానని, ఎండని బట్టి ముందూ వెనకా అవుతుంది, అది ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఖాయం అని చెప్పేవాళ్లని నమ్మకండి. సెప్టెంబరు రెండో సగం అయితే దొరికే అవకాశం ఎక్కువ.

ఇంకొక్క మాట. పోర్టో నుంచి పిన్యావ్‌కి వాళ్లు వ్యానులో తీసుకెళ్తామంటే, మేం రైల్లో వస్తామని చెప్పండి. సావ్ బెంతో స్టేషన్లో ఎక్కాలి. ఆ స్టేషన్ హాల్లో గోడలకి దాదాపు 20,000 నీలి టైల్స్ ఉన్నాయి, అమ్మ అడిగినవి అవే. రైల్లో కుడివైపు కూర్చోండి. మొదటి గంట ఏమీ ఉండదు, తర్వాత ఏరు పక్కకి వచ్చి మళ్లీ వదలదు. పిన్యావ్ స్టేషన్ గోడల మీద కూడా కోత పనులన్నీ టైల్స్ మీద బొమ్మలుగా వేసి ఉన్నాయి.

ముక్తేశ్వరం రేవు

కడియం గారూ, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. 1986 సంగతి దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. ఇంత ఓపిగ్గా చెప్పినందుకు మీకు ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలీడం లేదు.

మాస్టారూ, మీ మాట కూడా నన్ను వదలడం లేదు. లిస్బన్ ఒక్క రాత్రిలో ఎలా చూస్తాను? ఫాడో కూడా అక్కడే కదా. ఇంకొకటి, రెండో టూరు కాగితంలో ఒక రోజు డౌరోలో పడవ ప్రయాణం అని ఉంది. మేం పాపికొండలు లాంచీ మీద వెళ్లినవాళ్లమే, ఆ రోజు వదులుకుని లిస్బన్‌కి కలుపుకోవచ్చా? మోకాలి సంగతీ, తిండి సంగతీ ఇంకా ఎవరూ చెప్పలేదు.

యానాం ఒడ్డు

వదినగారూ, తిండి, మోకాలు, వీసా నేను చెప్తాను. మా చెల్లెలి కుటుంబంతో కలిసి వెళ్లాం.

అన్నం గురించి దిగులు లేదు. యూరప్‌లో తలసరి బియ్యం ఎక్కువగా తినే దేశం పోర్చుగల్. టమాటా అన్నం, చేపలన్నం, రొయ్యలన్నం ప్రతి ఊళ్లో దొరుకుతాయి, జారుగా వండుతారు. ఉప్పు పెట్టి ఎండబెట్టిన కాడ్ చేప వాళ్లకి ప్రాణం, దాన్ని నానబెట్టి ఎన్ని రకాలుగా వండుతారో లెక్క లేదు. పోర్టో సముద్రం పక్కనే కాబట్టి అక్కడ చేప తాజాగా ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది పంది. ఆకుకూర సూప్ అని ఇస్తారు, పైన పందిమాంసం సాసేజ్ ముక్క ఒకటి తేలుతూ ఉంటుంది. చిక్కుడు గింజల కూరలోనూ అదే కలుపుతారు. పంది వద్దని బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా చెప్పండి, అక్కడికెళ్లి చెబితే వంట అయిపోయి ఉంటుంది. హోటల్లో కూర్చోగానే అడక్కుండా రొట్టె, ఆలివ్ కాయలు, వెన్న తెచ్చి పెడతారు. తింటే బిల్లులో పడతాయి. వద్దంటే వెనక్కి తీసుకెళ్తారు, ఏమీ అనుకోరు.

మోకాలికి పోర్టో కష్టం, లిస్బన్ కూడా కష్టమే. రెండూ కొండల మీది ఊళ్లు, దారులు నున్నటి రాళ్లతో పరిచి ఉంటాయి, చినుకు పడితే జారతాయి. పోర్టోలో ఏటి ఒడ్డుకి మెట్లు దిగకుండా, దొం లూయిష్ వంతెన పై అంతస్తు మీద మెట్రో వెళ్తుంది, అందులో అవతల ఒడ్డుకి వెళ్లి కేబుల్ కారులో కిందికి దిగండి. ఇవతల ఒడ్డున కూడా పట్టాల మీద కొండ ఎక్కించే పెట్టె ఉంది. లమేగు అనే ఊరు మీ టూరులో ఉంటే ముందే చూసుకోండి. అక్కడి గుడికి 686 మెట్లు. పైకి రోడ్డు ఉంది, వ్యాను వెళ్తుంది, కానీ మెట్లు ఎక్కించడమే కార్యక్రమం అనుకునే గైడ్లున్నారు. తోటలో గది కింది అంతస్తులో ఇమ్మని అడగండి. పాత ఇళ్లకి లిఫ్టు ఉండదు. రేగ్వా అనే ఊరి నుంచి పిన్యావ్ దాకా ఏటి పక్క రోడ్డు అందంగా ఉంటుంది కానీ మలుపులే మలుపులు, వాంతుల మాత్ర దగ్గర పెట్టుకోండి.

గ్రూపు సంఖ్య గురించి నాకు చేదు అనుభవం ఉంది. మేం కట్టింది పన్నెండు మంది గ్రూపుకి. అక్కడ దిగాక రెండు బ్యాచ్‌లు కలిపేసి పెద్ద బస్సెక్కించారు. అడిగితే, గరిష్ఠం అని ఎక్కడ రాశాం అన్నారు. నిజంగానే వెబ్‌సైట్‌లో మామూలుగా ఇంతమంది ఉంటారని ఉంది తప్ప, మించరని లేదు. కుటుంబం నడిపే చిన్న తోటకి అంతమంది పట్టరు కాబట్టి ఆ తోట మార్చేసి, పెద్ద కంపెనీ గోదాములో రుచి చూపించారు. అందుకని మీ దగ్గర ఉన్న రెండు టూర్లకీ మూడు సంగతులు మెయిల్లో రాయించుకోండి. ఎంతకి మించరు. కనీసం ఎంతమంది రాకపోతే రద్దు చేస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్తారు. వీసా రాకపోతే ఎంత వెనక్కిస్తారు. మూడోది అందరికంటే మనకే ముఖ్యం. అమెరికా వాళ్లకి, ఇంగ్లీషువాళ్లకి వీసా అక్కర్లేదు కాబట్టి ఆ కంపెనీలు దాని గురించి ఆలోచించి ఉండవు.

పోర్చుగల్‌కి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. మెడికల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. సెప్టెంబరు ప్రయాణమంటే వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకదు, మే నెలకే కాగితాలు సిద్ధం చేసేసుకోండి. అన్నయ్యగారికి రైతుగా ఆదాయం చూపించాలి కదా, పొలం పాస్‌బుక్కు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మీ పెన్షన్ కాగితాలు అన్నీ ఒక ఫైలు చెయ్యండి. టూరు మన దేశపు ఏజెంటు దగ్గర కొంటే టీసీఎస్ అని పన్ను ముందే పట్టుకుంటారు, అది ఆదాయపన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, పోయిన డబ్బు కాదు.

ఫాడో వినాలంటే లిస్బన్‌లో అల్ఫామా పేటలో చిన్న ఇళ్లలాంటి హోటళ్లున్నాయి. పాట మొదలయ్యే ముందు లైట్లు తగ్గిస్తారు, వడ్డన ఆపేస్తారు, ఎవరూ మాట్లాడరు. టూరులో కలిపి ఇచ్చే డిన్నర్ షో పెద్ద హాల్లో ఉంటే అది వదిలేసి, మీరే ఒక చిన్నచోట బుక్ చేసుకోండి. నేను ఆ పాట విని ఏడ్చాను, ఒక్క ముక్క అర్థం కాకుండానే.

కడియం అంటుమొక్క

అమ్మా, పడవ రోజు మాత్రం వదలకండి. మీరు పాపికొండలు చూశారు కాబట్టే చెబుతున్నాను. ఇప్పుడు డౌరోలో నీళ్లు చెరువులా నిలిచి ఉంటాయి, ఎందుకంటే పోర్చుగల్ లోపలి డౌరో మీద 1970ల నుంచి 1980ల మధ్యలోకి అయిదు ఆనకట్టలు కట్టారు. ప్రతిదానికీ పడవలు దాటే లాకు ఉంది. కారపతేలు దగ్గర లాకు పడవని 35 మీటర్లు ఎత్తుతుంది. ధవళేశ్వరం లాకులు చూస్తూ పెరిగిన నాకు, ఆ గోడల మధ్య నిలబడితే ఒళ్లు పులకరించింది. ఆనకట్టలకి ముందు అది సుడులూ రాళ్లూ ఉన్న ఏరు. పీపాలు మోసే పడవలు ఎన్నో మునిగాయి. వలైరా సుడి దగ్గర 1861లో ఫారెస్టర్ అనే ఆయన, ఆ ఏటికి మొట్టమొదట సరైన పటం గీసిన మనిషి, మునిగి చనిపోయాడు. అదే పడవలో ఉన్న దోనా అంతోనియా ఫెరేరా బతికింది. భర్త పోయాక తోటలన్నీ తనే నడిపి, ఫిలోక్సెరా రోజుల్లో పనుల్లేని జనానికి పని చూపించిన ఆవిడ. లోయలో ఇప్పటికీ ఆవిడ పేరు చెబితే గౌరవంగా మాట్లాడతారు.

వీలుంటే ఆ పడవ రోజునే ఇంకా పైకి, కోవా లోయ మ్యూజియానికి తీసుకెళ్లమని అడగండి. అక్కడ కూడా ఒక ఆనకట్ట మొదలుపెట్టారు. రాళ్ల మీద వేల ఏళ్ల నాటి ఎద్దులూ గుర్రాలూ చెక్కి ఉన్నాయని బయటపడ్డాక, స్కూలు పిల్లలతో సహా జనం అడ్డుపడ్డారు. ప్రభుత్వం కట్టడం ఆపేసింది. 1998లో ఆ చెక్కడాలు ప్రపంచ వారసత్వం అయ్యాయి. పోలవరం ముంపులో ఊళ్లు ఖాళీ అవుతుంటే చూసిన వాళ్లం మనం. నీళ్లు కావాలి, ఊళ్లూ ఉండాలి, ఈ రెంటి మధ్య బాధ మనకి తెలుసు. నాకు ఆ మ్యూజియంలో చాలాసేపు మాట రాలేదు.

లిస్బన్‌కి రోజులు కావాలంటే టూరులోంచి తీయకండి, ముందు కలుపుకోండి. గ్రూపు పోర్టోలో కలిసే రోజుకి రెండు రోజుల ముందు లిస్బన్‌లో దిగండి. మాస్టారు చెప్పిన మఠం ఒక పొద్దున్న, ఫాడో ఒక రాత్రి. రెండో పగలు సింత్రా కోటల కోసం లైన్లో నిలబడకుండా, దాన్ని దాటి కొలారెష్ అనే ఊరికి వెళ్లండి. సముద్రం ఒడ్డున, మన అంతర్వేది వైపు సరుగుడు తోటల్లో ఉండేలాంటి ఇసుక నేల. ఇసుకలో ఫిలోక్సెరా బతకలేదు, అందుకని అక్కడి ద్రాక్ష అంటు లేకుండా సొంత వేరు మీద నిలిచింది. ఇసుకని తవ్వి అడుగున బంకమట్టి తగిలేదాకా దిగి నాటుతారు. గాలికి తట్టుకోలేక తీగ నేల మీదే పాకుతుంది. మీవారు అది చూసి, తర్వాత డౌరోలో అంటు చూస్తే కథ మొత్తం అర్థమవుతుంది. లిస్బన్ నుంచి పోర్టోకి రైలు మూడు గంటల పైచిలుకు, హాయిగా వెళ్లిపోవచ్చు.

పాలకొల్లు మాస్టారు

కడియం గారు చెప్పిన ఈ ఏర్పాటు బాగుంది. మఠానికి ఒక పొద్దున్న ఇస్తున్నారు కాబట్టి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సోమవారం మాత్రం పెట్టుకోకండి, మూసేస్తారు. టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో కొనండి. అమ్మా, మఠంలో గామా సమాధి పడమటి వాకిలి లోపల, దానికి ఎదురుగా కవి కమోయిష్ సమాధి ఉంటుంది. రెండూ కలిపి చూడండి. ఓడ నడిపినవాడూ, ఆ ప్రయాణాన్ని కావ్యం చేసినవాడూ.

ముక్తేశ్వరం రేవు

రెండు కంపెనీలకీ యానాం వదినగారు చెప్పిన మూడు సంగతులూ, కడియం గారు చెప్పిన ప్రశ్నలూ కలిపి మెయిల్ పెట్టాను. మొదటి వాళ్లు బ్రోచర్ మళ్లీ పంపారు, అడిగినదానికి జవాబు లేదు. రెండో వాళ్లు 8 మందికి మించమని, అయిదుగురు రాకపోతే నెల ముందే చెప్పి పూర్తి డబ్బు ఇస్తామని, వీసా రాకపోతే అడ్వాన్స్ మినహా మిగతాది ఇస్తామని రాసి ఇచ్చారు. తోటవాళ్లు సొంత పండుతోనే చేస్తారట. సీసా అక్కడే నింపుతారట. పొద్దున్న తోటలో తిప్పేది ఆ ఇంటి కోడలట. మావారికి ఇంతకన్నా ఇంకేం అక్కర్లేదు.

మా అబ్బాయితో మాట్లాడాను. లిస్బన్‌కి ముందు రెండు రాత్రులు కలుపుతున్నామంటే వాడూ సరేనన్నాడు. రాజమండ్రి నుంచి హైదరాబాద్, అక్కణ్ణుంచి దుబాయ్ మీదుగా లిస్బన్. తిరుగు ప్రయాణం కూడా లిస్బన్ నుంచే, టూరు చివరి రాత్రి అక్కడే కాబట్టి. కోవా మ్యూజియం మామూలు కార్యక్రమంలో లేదు, మిగతా వాళ్లు ఒప్పుకుంటే తీసుకెళ్తామన్నారు. ఆ మిగతా ఆరుగురు ఎవరో ఇంకా తెలీదు, తెలిశాక నేనే వాళ్లకి రాసి అడుగుతాను.

కడియం గారూ, మావారు మీకొక ప్రశ్న రాయమన్నారు. మా ఎండిన కోకో గింజలు కొన్ని, ఎండు ఆకులు రెండు తీసుకెళ్లి ఆ రైతుకి ఇవ్వాలని ఆయన ఆశ. విమానాశ్రయంలో ఆకులు, గింజలు ఆపేస్తారా? మీరు మొక్కల మనిషి కాబట్టి మీకు తెలిసి ఉంటుంది.

కడియం అంటుమొక్క

వేయించని గింజ, ఆకు, మొక్క, మట్టి ఏవీ వద్దమ్మా. యూరప్‌లోకి బతికున్న మొక్కలు, వాటి భాగాలు తీసుకెళ్లాలంటే దాదాపు అన్నిటికీ ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే తెగుళ్లు లేవని ప్రభుత్వం ఇచ్చే కాగితం కావాలి, లేకపోతే అక్కడే తీసి పారేస్తారు. ఫిలోక్సెరాతో ఒళ్లు కాలిన దేశాలు, వాళ్ల జాగ్రత్తలో న్యాయం ఉంది. దానికి బదులు గింజని బాగా వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టి, పంచదార కలిపి మీ ఇంట్లోనే చాక్లెట్ బిళ్లలు చెయ్యండి. కాగితం చుట్టి, మీద మీ ఊరి పేరూ మీవారి పేరూ రాసి ఇవ్వమనండి.